కాపడమా, ఐసా? వాపును చూసి, చర్మాన్ని పరీక్షించి ఎంచుకోండి

ఫిజియోథెరపీకి వచ్చినవారు గది దాటి వెళ్లేముందు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఇంట్లో కాపడం పెట్టుకోవాలా, ఐసు పెట్టుకోవాలా?" నడుముకైతే కాపడం, మోకాలికైతే ఐసు అంటూ అవయవాలవారీగా పంచిపెట్టే సలహాలు చాలా తిరుగుతున్నాయి. వాటిని పట్టుకుని కూర్చోకండి. ఒకే మోకాలికి పొద్దున కాపడం, సాయంత్రం ఐసు అవసరమయ్యే రోజులుంటాయి. రెండూ పెట్టకూడని రోజులూ ఉంటాయి.

ఎంచుకునే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. నొప్పి ఉన్నచోట వాపు, ఎరుపు, వేడి ఉన్నాయా, లేక బిగుతు మాత్రమే ఉందా? అక్కడి చర్మానికి వేడి, చల్లదనం సరిగా తెలుస్తున్నాయా? కాపడమో ఐసో తీసేశాక ఏ వ్యాయామం చేయబోతున్నారు? మూడో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. నిజానికి చికిత్స ఫలితం చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది. పావుగంట కాపడం పెట్టుకుని, భుజం ఒక్కసారైనా కదపకుండా మంచమెక్కితే దక్కేది ఆ గంట హాయి మాత్రమే. భుజం పైకి లేవడం రాదు.

చర్మం కింద ఏం జరుగుతుంది

వేడి నీళ్ల సంచి, ఉప్పు మూట, మైనం, ఆసుపత్రిలో పెట్టే హాట్ ప్యాక్, ఎర్రటి ఇన్‌ఫ్రారెడ్ దీపం, ఇవన్నీ పైపైన పనిచేసే వేడి కిందికే వస్తాయి. పావుగంట హాట్ ప్యాక్ పెడితే ఒక సెంటీమీటరు లోతులో ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. మూడు సెంటీమీటర్ల లోతుకు వెళ్లేసరికి ఆ పెరుగుదల ఒక డిగ్రీ కూడా ఉండదు. కాబట్టి చేతివేళ్లు, మణికట్టు, చీలమండ, కొంతవరకు మోకాలు, చర్మానికి దగ్గరగా ఉన్న ఈ కీళ్లకు వేడి చేరుతుంది. తుంటి కీలుకు చేరదు. తుంటి నొప్పికి కాపడం పెట్టినప్పుడు కలిగే హాయి చుట్టూ ఉన్న కండరాలు సడలడం వల్ల, చర్మంలోని నరాలు మెదడుకు పంపే వెచ్చని సంకేతం నొప్పి సంకేతాన్ని తగ్గించడం వల్ల కలుగుతుంది. అదీ మేలే. కానీ "కీలు లోపలికి వేడి పంపించాం" అనుకుని సంచిని ఇంకా వేడిగా, ఇంకా ఎక్కువసేపు పెట్టడం వల్ల చర్మం కాలడం తప్ప ప్రయోజనం ఉండదు.

వేడి తగిలిన చోట రక్తప్రసరణ పెరుగుతుంది, కండరం సడలుతుంది, కీలు చుట్టూ ఉన్న కొల్లాజెన్ పీచు కాస్త సాగే గుణం తెచ్చుకుంటుంది. ఈ చివరి మార్పు కొద్దిసేపే నిలుస్తుంది. అందుకే సాగదీసే వ్యాయామం కాపడంతో పాటే, లేదా కాపడం తీసిన వెంటనే మొదలవ్వాలి.

ఐసు చేసే పని వేరు. రక్తనాళాలు ముడుచుకుంటాయి, కణాల జీవక్రియ నెమ్మదిస్తుంది, నరాల్లో సంకేతాల వేగం తగ్గి నొప్పి మొద్దుబారుతుంది. ఐసు పెట్టినప్పుడు ముందు చల్లగా, తర్వాత మంటగా, ఆ తర్వాత సలుపుతున్నట్టు అనిపించి చివరికి తిమ్మిరెక్కుతుంది. ఈ వరుస తెలియనివాళ్లు మంట దశలోనే భయపడి తీసేస్తారు. తిమ్మిరి దశ వచ్చాక కూడా అలాగే ఉంచేస్తే ఇంకో రకం ముప్పు, చర్మం దెబ్బతింటుంది. తిమ్మిరెక్కగానే ఆపేయడమే సరైన పద్ధతి. మరో మాట: ఐసు తీసిన కాసేపటివరకు ఆ కండరం బలం, కీలు ఏ స్థితిలో ఉందో పసిగట్టే శక్తి కొంత తగ్గుతాయి. చీలమండకు ఐసు పెట్టి వెంటనే పరుగెత్తితే మళ్లీ బెణకవచ్చు. కబడ్డీ, క్రికెట్ మైదానాల్లో ఆటగాడి కాలిమీద కొట్టే స్ప్రే చర్మాన్ని క్షణాల్లో చల్లబరిచి కొద్ది నిమిషాలు నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. లోపలి గాయానికి అది మందు కాదు.

బెణుకు, దెబ్బ: మొదటి రెండు మూడు రోజులు

మన ఇళ్లలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. మెట్టు తప్పి చీలమండ మడతపడుతుంది. గంటలో ఉబ్బుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమకొద్దీ ఉప్పు మూట వేడిచేస్తారు, తైలం రాసి గట్టిగా మర్దన చేస్తారు. లోపల చిన్న రక్తనాళాలు తెగి ఇంకా రక్తం చిమ్ముతున్న సమయంలో వేడి, మర్దన రెండూ వాపును పెంచుతాయి. మొదటి 48 నుంచి 72 గంటలు కాపడం వద్దు, మర్దన వద్దు.

మరి ఐసు? ఇక్కడ గత కొన్నేళ్లలో ఆలోచన మారింది. విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం, ఈ నాలుగింటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి "రైస్" అనే పేరుతో 1978లో ప్రచారంలోకి తెచ్చిన వైద్యుడు గేబ్ మిర్కిన్. దెబ్బ మానడానికి శరీరానికి వాపుతో కూడిన తొలి ప్రతిస్పందన అవసరమనీ, ఐసు, పూర్తి విశ్రాంతి దాన్ని ఆలస్యం చేయవచ్చనీ 2014లో ఆయనే తన మాటను సవరించుకున్నారు. 2019లో కెనడా ఫిజియోథెరపిస్టులు బ్లేజ్ దుబువా, జాన్-ఫ్రాంస్వా ఎస్కులియే ప్రతిపాదించిన కొత్త పద్ధతిలో ఐసుకు చోటే లేదు. కట్టు, ఎత్తు, క్రమంగా బరువు మోపడం, వ్యాయామం ఉన్నాయి.

దీన్నిబట్టి ఐసును పారేయమని నేను చెప్పను. మొదటి రోజు, రెండో రోజు నొప్పి భరించలేనంతగా ఉంటే ఐసు చవకైన, మంచి నొప్పి నివారిణి. గుడ్డ చుట్టి 10 నుంచి 15 నిమిషాలు, మళ్లీ పెట్టడానికి మధ్య రెండు గంటల విరామం. నొప్పి తగ్గాక పాదాన్ని నెమ్మదిగా పైకీ కిందకీ ఆడించాలి. అంటే ఐసును నొప్పి కోసం వాడాలి, త్వరగా మానుతుందనే ఆశతో కాదు. క్రేప్ బ్యాండేజి కట్టడం, కాలు దిండ్లమీద గుండె కంటే ఎత్తులో పెట్టడం వాపుకు ఐసు కంటే ముఖ్యం. దెబ్బ తగిలిన వెంటనే గానీ ఆసుపత్రికి వెళ్లేసరికి గానీ నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక అంచున నొక్కితే నొప్పి ఎక్కువగా ఉన్నా ముందు ఎక్స్‌రే తీయించాలి.

మూడు నాలుగు రోజులు దాటి, వాపు తగ్గి, బిగుతు మిగిలిందనుకోండి, అప్పుడు గోరువెచ్చని నీళ్లలో పాదం పెట్టి, ఆ నీళ్లలోనే గాలిలో అక్షరాలు రాస్తున్నట్టు పాదాన్ని తిప్పండి. కాపడం, వ్యాయామం ఒకేసారి అయిపోతాయి.

నడుము పట్టేసినప్పుడు

ఇక్కడ కాపడానికే నా ఓటు, ఆధారాలు కూడా అటే ఉన్నాయి. నడుము నొప్పికి వేడి, చల్లదనం మీద జరిగిన పరిశోధనలను 2006లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. కొత్తగా మొదలైన నడుము నొప్పికి, ఒంటికి చుట్టుకునే వెచ్చని పట్టీలు కొద్ది రోజులపాటు నొప్పిని తగ్గిస్తాయనీ, వ్యాయామం తోడైతే ఫలితం ఇంకా మెరుగనీ తేల్చింది. ఐసు గురించి ఏదైనా చెప్పడానికి సరిపడా ఆధారాలు దొరకలేదు. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా కొత్త నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో పైపై వేడిని చేర్చింది.

ఆ పరిశోధనల్లో వాడిన పట్టీల వేడి 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అంటే బాగా జ్వరం వచ్చిన ఒంటి వేడి. పొగలు కక్కే సంచి కాదు. మోస్తరు వేడి, ఎక్కువసేపు, దాంతోపాటే ఇంట్లో నడుస్తూ ఉండటం, వీటి కలయిక పనిచేసింది. మన ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది: ఓర్చుకోగలిగినంత వేడి పెట్టి రెండు రోజులు మంచం దిగరు. పావుగంట కాపడం, తర్వాత వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలును ఛాతీవైపు లాక్కోవడం, ఆ తర్వాత పది నిమిషాల నడక. ఈ వరుసను రోజుకు రెండు మూడుసార్లు చేయండి. మెడ పట్టేసినా ఇదే పద్ధతి: భుజాల మీదుగా వెచ్చని తువ్వాలు, తర్వాత మెడను నెమ్మదిగా రెండువైపులా తిప్పడం.

నడుము నొప్పితో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా, కాలు బలహీనపడినా, జ్వరం ఉన్నా కాపడం పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మోకాళ్ల అరుగుదల: రెండింటికీ చోటున్న కీలు

కింద కూర్చుని లేవడం, మెట్లు, పొలం పని, వంటగదిలో గంటలకొద్దీ నిలబడటం, ఇవన్నీ మన అమ్మల మోకాళ్లను ఎంతగా ఇబ్బంది పెడతాయో చెప్పనక్కర్లేదు. వీళ్లకు ఒక్కటే సమాధానం చెప్పడం అన్యాయం. పొద్దున్నే లేచేసరికి మోకాలు బిగుసుకుపోయి, పది అడుగులు వేస్తే సడలుతుందా? అయితే లేచాక కాపడం, వెంటనే తొడ కండరాన్ని బిగించే వ్యాయామం: మోకాలు కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకు నొక్కుతూ అయిదు సెకన్లు పట్టి ఉంచి వదలాలి. సాయంత్రానికి మోకాలు ఉబ్బి, అవతలి మోకాలితో పోలిస్తే చేతికి వేడిగా తగులుతోందా? అప్పుడు ఐసు, కాలు చాపుకుని విశ్రాంతి. అరచేతి వెనుక భాగాన్ని రెండు మోకాళ్లమీద మార్చి మార్చి పెట్టి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. రోజూ చేయండి. ఏ పరికరం అక్కర్లేని పరీక్ష ఇది.

2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఇచ్చిన మార్గదర్శకాలు అరుగుదలకు వేడి, చల్లదనం రెండింటినీ షరతులతోనే సిఫారసు చేశాయి. వ్యాయామాన్ని మాత్రం గట్టిగా సిఫారసు చేశాయి. వందల రూపాయలు పోసి కొన్న సంచి పక్కన, పైసా ఖర్చులేని తొడ వ్యాయామాన్ని ఈ దృష్టితో చూడమని నా మనవి.

కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ల లెక్క ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. కీలు ఎర్రబడి, ఉబ్బి, కాలుతున్నట్టున్న ఉధృత దశలో కాపడం వద్దు. ఆ దశ శాంతించి, పొద్దుటి బిగుతు మిగిలినప్పుడు గోరువెచ్చని నీళ్లు గానీ మైనం గానీ ఎంతో హాయినిస్తాయి. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి కీళ్ల నొప్పులతో బాధపడినవాళ్లు మన ఊళ్లలో ఎందరో. ఆ నొప్పులకూ ఇదే తర్కం వాడుకోవచ్చు: ఉబ్బి వేడిగా ఉన్న కీలుకు చల్లదనం, వాపు లేకుండా బిగుసుకున్న కీలుకు వెచ్చదనం.

భుజం పట్టేసినవారికి, చేతివేళ్లు బిగుసుకున్నవారికి

మధుమేహం ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి నెలల్లో రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి ఉన్నప్పుడు కొందరికి ఐసు, కొందరికి వెచ్చదనం నప్పుతుంది. ఏది పెడితే నిద్రపడుతుందో అదే పెట్టండి, ఇందులో పట్టుదల అక్కర్లేదు. నొప్పి తగ్గి బిగుతు రాజ్యమేలే దశలో మాత్రం కాపడమే. అదీ చేయి ఒంటికి ఆనించి కాదు, నొప్పి లేనంతవరకు పక్కకు చాపి దిండుమీద పెట్టి, భుజం కాస్త సాగిన స్థితిలో. కాపడం తీయగానే గోడమీద వేళ్లు పాకించడం, తువ్వాలు వీపు వెనుక పట్టుకుని పైచేత్తో లాగడం మొదలుపెట్టాలి. చల్లారాక చేద్దామనుకుంటే కాపడం పెట్టిన శ్రమ వృథా.

చేతివేళ్లకు, మణికట్టు విరిగి కట్టు తీసేశాక బిగుసుకున్న చేతికి మైనాన్ని మించింది లేదు. వేలివేలి మధ్యకూ, ప్రతి వంపుకూ సమానంగా అంటుకోవడం సంచికి చేతకాదు. ఫిజియోథెరపీ కేంద్రంలో స్టీలు తొట్టెలో మైనం, మినరల్ నూనె కలిపి 52 నుంచి 54 డిగ్రీల దగ్గర కరిగించి ఉంచుతారు. అంత వేడి నీళ్లలో చేయి పెట్టలేం. మైనం వేడిని నెమ్మదిగా వదులుతుంది కనుక తట్టుకోగలం. ముందు ఉంగరాలు, గాజులు తీసేసి చేయి కడిగి పూర్తిగా తుడవాలి. వేళ్ల మధ్య ఒక్క నీటిబొట్టు మిగిలినా అక్కడ చర్మం కాలుతుంది. వేళ్లు దూరంగా చాపి, కదపకుండా ముంచి తీయాలి. పొర తెల్లబడ్డాక మళ్లీ ముంచాలి. ప్రతిసారీ ముందటి గీత కంటే కాస్త కిందివరకే ముంచితే వేడి మైనం పొరలోపలికి జారదు. ఆరు నుంచి పదిసార్లు ముంచేసరికి చేతికి మందమైన తెల్లని తొడుగు తయారవుతుంది. మధ్యలో వేలు వంచారా, పొర పగిలి కొత్త మైనం నేరుగా చర్మానికి తగులుతుంది. పైన ప్లాస్టిక్ కవరు, తువ్వాలు చుట్టి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉంచుతారు. ఒలిచేశాక చర్మం మెత్తగా, నూనె పట్టినట్టు ఉంటుంది. పిడికిలి బిగించే వ్యాయామానికి అదే సరైన క్షణం.

ఇంట్లో స్టవ్‌మీద కొవ్వొత్తులు కరిగించి ఇదే చేద్దామని ప్రయత్నించకండి. కొవ్వొత్తి మైనం ఇంకా ఎక్కువ వేడిదగ్గర కరుగుతుంది, నేరుగా మంటమీద అంటుకునే ప్రమాదమూ ఉంది. ఇంట్లో చేతులకు గోరువెచ్చని నీళ్ల గిన్నె చాలు. చేతిమీద పుండు, దద్దురు, చీము ఉంటే మైనం అసలే వద్దు.

శస్త్రచికిత్స తర్వాత

మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లకు మొదటి వారాల్లో ఐసే. వ్యాయామం ముగిశాక, పొడి గుడ్డ చుట్టి, పావుగంట. కట్టు తడవకూడదు. ఇక్కడ ఒక విషయం చాలామందికి ఎవరూ చెప్పరు: కోత పక్కన, మోకాలి బయటివైపు చర్మంలో కొంతమేర స్పర్శ పోవడం సాధారణం. చిన్న చర్మనరం ఒకటి కోతలో తెగడం వల్ల అలా జరుగుతుంది. అక్కడ ఐసు అతిగా చల్లగా ఉన్నా, తర్వాతి రోజుల్లో కాపడం అతిగా వేడిగా ఉన్నా మీకు తెలియదు. అందుకే గడియారం చూసుకుని పెట్టాలి, అయిదు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తి చర్మం రంగు చూడాలి. కొత్త మోకాలు కొన్ని నెలలపాటు అవతలిదాని కంటే కాస్త వెచ్చగా ఉండటం మామూలే. వెచ్చదనంతో పాటు జ్వరం, చీము, పెరిగే నొప్పి ఉంటే మీ సర్జన్‌కు చూపించాలి.

లోపల లోహం ఉంటే కాపడం పెట్టకూడదని ఒక భయం ఉంది. ఆ నిషేధం షార్ట్‌వేవ్ డయాథెర్మీ లాంటి లోతైన వేడి యంత్రాలకు వర్తిస్తుంది. వేడి నీళ్ల సంచి వేడి లోపలి లోహాన్ని వేడెక్కించేంతగా వెళ్లదు. గాయం పూర్తిగా మాని, వాపు తగ్గాక, సర్జన్ ఒప్పుకుంటే కాపడం పెట్టుకోవచ్చు.

మోకాలి లోపలి లిగమెంటుకు చేసే ఏసీఎల్ శస్త్రచికిత్స అయి కండరం పెంచుకునే దశలో ఉన్న యువకులకు ఒక హెచ్చరిక. వ్యాయామశాల నుంచి రాగానే ఐసు నీళ్ల తొట్టెలో కూర్చోవడం ఇప్పుడు మోజుగా మారింది. ఆస్ట్రేలియాలో 12 వారాలు సాగిన ఒక పరిశోధనను 2015లో ప్రచురించారు. బరువులెత్తే వ్యాయామం అయ్యాక ప్రతిసారీ 10 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు కూర్చున్నవాళ్లలో కండరం, బలం తక్కువగా పెరిగాయి. తొడ కండరాన్ని తిరిగి తెచ్చుకోవడమే మీ లక్ష్యమైతే ఆ తొట్టె జోలికి వెళ్లకండి. మోకాలు ఉబ్బితే మోకాలి మీద మాత్రం ఐసు పెట్టుకోండి.

పక్షవాతం వచ్చినవారిలో కాలు, చేయి బిగుసుకున్నప్పుడు ఐసు ఆ బిగుతును కాసేపు తగ్గిస్తుంది. ఆ కాసేపట్లోనే సాగదీసే వ్యాయామం చేయించాలి. ఇంట్లోవాళ్లు సొంతంగా కాక, ఫిజియోథెరపిస్టు చూపించాకే చేయాలి. ఎందుకంటే ఆ వైపు స్పర్శ తగ్గి ఉండవచ్చు. మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారికి ఒంటి వేడి పెరిగితే బలహీనత, చూపు మసక పెరుగుతాయి. వారికి చల్లదనమే నయం.

ఒకసారి వేడి నీళ్లు, ఒకసారి చల్లనీళ్లు మార్చి మార్చి ముంచే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. కట్టు తీసేశాక ఉబ్బిన చేతికి, పాదానికి కొందరు చికిత్సకులు వాడతారు: వేడిలో మూడు నాలుగు నిమిషాలు, చల్లదనంలో ఒక నిమిషం. కండరం లోపలి ఉష్ణోగ్రత దీనివల్ల పెద్దగా మారదు. బాగుందనిపిస్తే చేసుకోండి, అంతకుమించి ఆశించకండి.

ముందు చర్మాన్ని అడగండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు మన రాష్ట్రాల్లో ఇంటింటా ఉన్నారు. అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు అంటూ వాళ్లు మొదట చేసే పని వేడి నీళ్ల బకెట్‌లో పాదాలు పెట్టడం. కాలుతున్నా తెలియదు. మర్నాటికి బొబ్బలు, వారానికి పుండు, ఆపై వేలు తీసేయాల్సిన పరిస్థితి. మధుమేహం వల్ల వచ్చే ఆ మంటకు కాపడం చికిత్స కాదు, ఐసూ కాదు. దానికి వేరే మందులున్నాయి, డాక్టరును అడగాలి.

స్పర్శ ఉందో లేదో చూడటం సులువు. ఒక గ్లాసులో గోరువెచ్చని నీళ్లు, ఇంకో గ్లాసులో చల్లనీళ్లు తీసుకోండి. కళ్లు మూసుకోమని చెప్పి, వరుస చెప్పకుండా గ్లాసులను చర్మానికి ఆనించి ఏది వెచ్చన, ఏది చల్లన అని అడగండి. ఒక్కసారి తప్పు చెప్పినా అక్కడ రెండూ పెట్టకూడదు.

వేడి ఎంతన్నది మరో చిక్కు. 60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చగలవు. 49 డిగ్రీలైతే సుమారు పది నిమిషాలు పడుతుంది. 44 డిగ్రీలు కూడా ఆరు గంటలు అలాగే తగిలి ఉంటే కాలుస్తాయి. కాపడం సంచిమీద నిద్రపోయినవాళ్లకు బొబ్బలెందుకు వస్తాయో ఈ మూడో అంకె చెబుతుంది. గీజరు నుంచి, సోలార్ హీటరు నుంచి నేరుగా వచ్చే నీళ్లు 50 దాటే ఉండవచ్చు. నీళ్ల వేడిని ఇంట్లో వంట చేసేవారి అరచేత్తో చూడకూడదు. ఏళ్లతరబడి పెనం, మూకుడు పట్టుకున్న ఆ చేతికి వేడి తక్కువగా తెలుస్తుంది. ముంజేతి లోపలివైపు, లేదా మోచేతితో చూడాలి. రోజూ ఒకేచోట కాపడం పెట్టేవాళ్ల చర్మం మీద గోధుమరంగు వలలాంటి మచ్చలు కనిపిస్తే కొంతకాలం ఆపాలి.

పిక్క ఒక్కటే ఉబ్బి, గట్టిపడి, నొప్పి పెడుతుంటే, ముఖ్యంగా శస్త్రచికిత్స తర్వాత, దూర ప్రయాణం తర్వాత, లేదా మంచంలో ఉన్నవారికి, అది రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు. కాపడం, మర్దన రెండూ ప్రమాదమే. ఆసుపత్రికి వెళ్లాలి. క్యాన్సర్ గడ్డ ఉన్నచోట, చీముపట్టిన చోట వేడి పెట్టకూడదు. చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారేవారికి, చల్లదనం తగిలితే దద్దుర్లు లేచేవారికి, కాళ్లకు రక్తప్రసరణ తక్కువైనవారికి ఐసు వద్దు. మోకాలి బయటివైపు కింద తగిలే ఎముక గుబ్బ పక్కన, మోచేతి లోపలివైపు గాడిలో నరాలు చర్మానికి ఆనుకునే ఉంటాయి. అక్కడ ఐసును ఒత్తిపట్టి ఎక్కువసేపు ఉంచితే పాదం, వేళ్లు కొంతకాలం పనిచేయకుండా పోవచ్చు.

బామ్ రాసి పైన కాపడం పెట్టడం కూడా వద్దు. మెంథాల్ చర్మాన్ని నిజంగా చల్లబరచదు, చల్లదనాన్ని గుర్తించే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. వేడిని గుర్తించే గ్రాహకాన్ని మిరపకాయలోని కారం సాయంతో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన నాటినుంచీ మనకు ఆ చల్లని మంట సుపరిచితం. బామ్ హాయి వేరు, కాపడం హాయి వేరు. రెండూ కలిస్తే అసలు వేడి ఎంతుందో చర్మం సరిగా చెప్పలేదు.

ఏది కొనాలి

కాపడానికి మామూలు రబ్బరు సంచి చాలు. మరిగే నీళ్లు పోయకండి. మూడింట రెండు వంతులే నింపి, గాలి నొక్కి తీసేసి మూత బిగించండి. తువ్వాలు చుట్టి, సంచిని ఒంటిమీద పెట్టుకోవాలి తప్ప దానిమీద పడుకోకూడదు. పడుకుంటే ఒత్తిడికి అక్కడ రక్తప్రసరణ తగ్గి, వేడిని మోసుకుపోయే దారి మూసుకుపోతుంది. ఏటా ఒకసారి సంచి మార్చండి, పాత రబ్బరు అతుకుల దగ్గర చిట్లుతుంది. కరెంటుతో వేడెక్కే జెల్ సంచి కొంటే, ప్లగ్గు తీసేశాకే ఒంటికి ఆనించండి. వైరు పెట్టే చోట ఉబ్బినా, తడి కనిపించినా పారేయండి. ఉప్పు మూట, ఇసుక మూట వాడేవాళ్లకు నేను అడ్డుచెప్పను గానీ, పెనంమీద నుంచి తీసిన ఉప్పు ఎంత వేడిగా ఉందో కొలిచే మార్గం లేదు. పెద్ద వయసువారికి, మధుమేహం ఉన్నవారికి అది వద్దు.

ఐసు విషయంలో ఖరీదైనదాని కంటే చవకైనదే మంచిది. కరుగుతున్న ఐసు ఎప్పుడూ సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, కరిగేందుకు వేడిని పీల్చుకుంటూనే ఉంటుంది. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్ సున్నా కంటే ఎంతో కింద, మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా ఉండవచ్చు. చర్మాన్ని గడ్డకట్టించేది అదే. ప్లాస్టిక్ కవరులో ఐసు ముక్కలు, అరగ్లాసు నీళ్లు పోసి గాలి తీసి ముడివేస్తే కీలు వంపులకు చక్కగా ఒదుగుతుంది. మడమ, మోచేయి, బొటనవేలి మొదలు లాంటి చిన్న చోటుకు ఇంకా తేలిక: కాగితపు కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పై అంచు చింపేసి, కింది భాగం పట్టుకుని గుండ్రంగా రుద్దడం. ఒకేచోట ఆపకుండా రుద్దుతూ ఉంటే అయిదు నుంచి పది నిమిషాల్లో తిమ్మిరెక్కుతుంది.

లావుపాటి తొడ కండరానికి పది నిమిషాల ఐసు అసలు తెలియకపోవచ్చు, కొవ్వు పొర చల్లదనాన్ని అడ్డుకుంటుంది. బక్కపలచని చీలమండకు అదే పది నిమిషాలు సరిపోవచ్చు. అందుకే అందరికీ ఒకే అంకె చెప్పే సలహాను చూసి సమయం పెంచకండి. మీ ఫిజియోథెరపిస్టు మీ శరీరం చూసి చెప్పిన సమయమే పాటించండి. మే నెలలో మిద్దెమీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చల్లనీళ్ల కిందికి రావు. ముంజేతికే వెచ్చగా తగులుతాయి. చల్లనీళ్లలో ముంచమన్నారని కొళాయి కింద కాలు పెడితే కాపడం పెట్టినట్టే. ఆ నెలల్లో ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు కలుపుకోవాల్సిందే.